పుస్తకాల సంచితో ఆదివారాలు

నా నవల అచ్చయి వచ్చిన మొదటి నెలలో మా ఇంటి తలుపు మూసిన జ్ఞాపకం లేదు. లారీ ఆఫీసు నుంచి పుస్తకాల కట్టలు తెచ్చి దింపినవాళ్లు, పక్క క్వార్టర్స్ వాళ్లు, కేజీఎఫ్ బంగారు గనుల ఆఫీసులో నాతో పాటు టైపు కొట్టినవాళ్లు, అందరూ వచ్చారు. అట్ట తడిమి చూశారు. వెనక అట్ట మీది నా ఫోటో చూసి, "ఇంత బాగున్నావా నువ్వు?" అని నవ్వారు. అమ్మ పోయిన తర్వాత అంతమంది ఆ గదిలో కూర్చోవడం అదే మొదటిసారి. కుర్చీలు చాలక కొందరు కట్టల మీదే కూర్చున్నారు.

మా నాన్న, గనులు ప్రభుత్వపరమైన రోజుల్లో, టైమాఫీసులో గుమాస్తా. ఆయన తర్వాత నేను అదే కాంపౌండులో టైపిస్టుగా చేరాను. గనులు మూసేముందు అందరితో పాటు నన్నూ స్వచ్ఛంద విరమణ పేరుతో ఇంటికి పంపారు. పెళ్లి చేసుకోలేదు. నేను బడిలో చదివింది కన్నడం, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు మాత్రం నాన్న సాయంత్రాలు పలక మీద దిద్దించాడు. ఆయన తెప్పించుకునే తెలుగు వారపత్రికలు చదివి చదివి, ఉద్యోగం పోయాక ఒకనాడు నేనూ రాయడం మొదలుపెట్టాను. గని కార్మికుల లైను ఇళ్లలో పెరిగిన ఒక అమ్మాయి కథ అది. తండ్రి షిఫ్టుకు పోయి రావడం, తల్లి నీళ్ల కోసం కొళాయి దగ్గర నిలబడటం, చివరికి గని మూతపడ్డాక ఆ అమ్మాయి పని వెతుక్కుంటూ బెంగళూరు రైలెక్కడం. రైలు బంగారుపేట దాటే చోట నవల ఆపేశాను.

బడి హాల్లో ఆవిష్కరణ జరిగింది. తమిళంలో ఒకరు, కన్నడంలో ఒకరు, తెలుగులో ఇద్దరు మాట్లాడారు. నాలుగు మాటలు చెప్పడానికి లేచి, నమస్కారం మాత్రం పెట్టి మళ్లీ కూర్చున్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాతి వారం నుంచి ఎవరూ రాలేదు. వాళ్ల తప్పేం లేదు. పెళ్లి ఇంట్లో పందిరి విప్పేశాక ఇంకెవరు వస్తారు?

ప్రచురణకర్త విజయవాడ నుంచి ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు, తొందర మనిషి.

"అమ్మా, పుస్తకం దానంతటది నడవదండీ. రాసినవాళ్లే వెంటబెట్టుకుని తిరగాలి. ఈ వైపు షాపులు నేను చూసుకుంటాను. మీ కోలారు వైపు నాకు ఒక్కరూ తెలియరండీ."

"ఎన్నాళ్లు తిరగాలండీ?" అని అడిగాను.

"మీకు ఓపిక ఉన్నన్నాళ్లు," అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు.

అలా ఆదివారాలు మొదలయ్యాయి.

మొదట రైలు. మా ఊరి నుంచి తెల్లవారుజామున బెంగళూరుకు పోయే ప్యాసింజరులో సగం కేజీఎఫ్ ఉంటుంది. గనులు పోయాక అందరికీ అదే బతుకు. నా కథలో పిల్ల ఎక్కిన రైలు అదే కదా, చదివేవాళ్లు అక్కడే దొరుకుతారనుకున్నాను. ఆదివారం జనం పలచగా ఉంటారని ఒక సోమవారం మా ఊరిగాం స్టేషన్లో ఎక్కాను. పక్కన కూర్చున్నాయన తెలుగువాడే. టిఫిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని, నా చేతిలో పుస్తకం చూసి తనే అడిగాడు. ఇచ్చాను. అట్ట మీద పేరును ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. కన్నడ అక్షరాలకు చుట్టాలే కాబట్టి పేరు వరకు వచ్చింది. లోపలి పేజీ తిప్పాడు. రెండు వరుసల దాకా పెదవులు కదిపి ఆగిపోయాడు.

"మాట్లాడేది తెలుగే మేడమ్. చదివేది కన్నడం. మా పిల్లోళ్లకి అదీ లేదు, ఇంగ్లీషు." పుస్తకం జాగ్రత్తగా మూసి ఇచ్చాడు. "మన ఊరి కతనా? మంచిది, మంచిది. ఎవురో ఒకరు రాయాల్సిందే."

ఆ పెట్టెలో ఇంకా కొందరిని అడిగాను. ఇంచుమించు అదే మాట. ఇంట్లో, వీధిలో, కోపంలో, మొక్కులో తెలుగే. కాగితం మీదికి వచ్చేసరికి వేరే భాష. అది నాకు తెలియని సంగతి కాదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. పుస్తకం చేతిలో పట్టుకున్నాక గానీ దాని అర్థం తెలియలేదు. నా పాఠకులు నా చుట్టూ కూర్చుని, నా మాటల్లోనే మాట్లాడుకుంటున్నారు. వాళ్లకూ పుస్తకానికీ మధ్య నేను తీయలేని తలుపు ఉంది.

తర్వాత కోలారు. జిల్లా కేంద్రం, ఆఫీసులు, కాలేజీలు ఉన్న ఊరు. అక్కడ ఎవరైనా ఉంటారనుకున్నాను. లైబ్రరీలో రెండు ప్రతులు తీసుకుని, ముద్ర వేసి, గాజు బీరువాలో పెట్టి తాళం వేశారు. నేను వెళ్లినప్పుడల్లా బయటి నుంచే చూసుకునేదాన్ని. ఒక కాలేజీలో లెక్చరరు చాలా మర్యాదగా టీ ఇప్పించి, "మా దగ్గర తెలుగు తీసుకునే పిల్లలు ఇప్పుడు ఎవురూ లేరమ్మా," అన్నాడు. తెలుగువాళ్ల సంఘమొకటి నన్ను పిలిచి శాలువా కప్పింది. తెలుగు ఎంత తీయని భాషో చాలాసేపు మాట్లాడారు. నేను తలుపు దగ్గర బల్ల మీద పుస్తకాలు పేర్చుకుని నిలబడ్డాను. భోజనానికి వెళ్లేవాళ్లు నాకు నమస్కారం పెట్టి వెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు ఎవరో కాఫీ కప్పు పట్టుకుని, చోటు కోసం చూసి, పై పుస్తకం మీద పెట్టి చెయ్యి కడుక్కోవడానికి పోయారు. నేను కప్పు తీసి పక్కన పెట్టాను. గుండ్రటి మరక పడింది. ఆ ప్రతిని సంచిలో అడుగున పెట్టుకున్నాను.

పత్రికలకు సమీక్ష కోసం పంపాను. ఒకటి మాత్రం వేసింది, సమీక్ష కాదు, 'స్వీకారం' అనే శీర్షిక కింద. పుస్తకం పేరు, నా పేరు, వెల. నా ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది.

ఆ ఆదివారాల్లో నాకు బాగా గుర్తున్నది కోలారు బస్టాండ్ ఎదురుగా ఉన్న హోటలు. మధ్యాహ్నం భోజనానికి వెళితే సర్వరు వేలు చూపించి, "ఒక్కరేనా అమ్మా?" అని అడిగేవాడు. అవునంటే చేతులు కడుక్కునే తొట్టి పక్కనున్న చిన్న బల్ల చూపించేవాడు. కుటుంబాలకు పెద్ద బల్లలు కావాలి కదా. కొన్నాళ్లకు అడగడం కూడా మానేశాడు. నన్ను చూడగానే ఆ బల్ల తుడిచేవాడు. పుస్తకాల సంచిని ఎదుటి కుర్చీలో పెట్టుకుని అన్నం తినేదాన్ని.

మా పక్కింటావిడ, ఆఫీసులో నాతో పనిచేసిన మనిషి, ఒకసారి అడిగేసింది.

"యాలమ్మా నీకీ తిరుగుడు? రాస్తివి, అచ్చేస్తివి, అయిపాయ. ఎండల్లో పడి తిరిగితే ఎవురు చూస్తారు నిన్ను, జరమొస్తే?"

ఇంట్లో కూర్చుంటే మాత్రం ఎవరు చూస్తారు? అది పైకి అనలేదు. బయట గాలికి గని వ్యర్థాల సైనైడ్ దిబ్బ మీది బూడిదరంగు ఇసుక లేచి కిటికీలో పడుతోంది. కట్టల మీద దుప్పటి కప్పాను.

కోలారులో నాకు నిలకడగా దొరికిన మనిషి ఒక్కడే, బస్టాండ్ పక్కన పత్రికలు, పోటీ పరీక్షల గైడ్లు అమ్మే దుకాణదారు. వయసు మళ్లినవాడు. కన్నడమాయన, కానీ తెలుగు ధారాళంగా మాట్లాడేవాడు. నా పుస్తకాన్ని తాడుకు క్లిప్పు పెట్టి పత్రికల మధ్య వేలాడదీశాడు. నేను వెళ్లేసరికి ప్రతిసారీ అది అక్కడే ఊగుతూ ఉండేది. ఎర్రటి అట్ట నెమ్మదిగా గులాబీ రంగుకు తిరిగింది.

"పొద్దు తగిలి రంగు పోయిందమ్మా," అన్నాడు ఒకసారి, తప్పు తనదన్నట్టు. "లోపల అచ్చు బాగానే ఉండాది."

ఒక వేసవి ఆదివారం వెళితే తాడు మీద పుస్తకం లేదు. పడిపోయిందేమో అనుకుని కిందికి చూశాను. ఆయన నవ్వాడు.

"పోయిందమ్మా, పోయింది! నెల్లాళ్లయింది. రాయల్పాడు ఆయన, మార్కెట్టుకి టమోటా లోడు తెచ్చినాడు. ఇది తెలుగేనా అని అడిగి తీసుకోనిపోయినాడు. మొన్న మళ్లీ వచ్చినాడు. ఆ అమ్మ రాసింది ఇంగోటి ఉండాదా అని అడిగినాడు."

"ఇంకోటి లేదే," అన్నాను.

"అదే చెప్పినాను. మొగం చిన్నది చేసుకున్నాడు."

ఆ మాట నన్ను ఆ వారమంతా నిద్రపోనివ్వలేదు. నా పుస్తకం కోసం ఒక మనిషి ముఖం చిన్నబుచ్చుకున్నాడు. తర్వాతి ఆదివారం కోలారులో ఆగకుండా శ్రీనివాసపురం మీదుగా రాయల్పాడు వెళ్లే బస్సెక్కాను. ఎందుకు వెళుతున్నానో సరిగ్గా తెలియదు. ఆ పాఠకుడిని ఒకసారి చూడాలి, అంతే.

మామిడి కాలం. దారి పొడుగునా తోటలు, రోడ్డు పక్కన పెట్టెల గుట్టలు. రాయల్పాడులో దిగి, కోలారు మార్కెట్టుకు టమోటా తీసుకుపోయేవాళ్లలో తెలుగు పుస్తకం చదివే ఆయన ఎవరని అడిగాను. టీ అంగట్లో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"తెలుగు సదివేదా? ఆయప్పకి యాడొస్తాది? వాళ్లింట్లో కోడలికొస్తాది. మదనపల్లి కోడలు. అట్ల పో అమ్మా, రేకుల షెడ్డు కనిపిస్తాది."

అంటే పాఠకుడు కాదు, పాఠకురాలు. సరిహద్దు అవతల పుట్టి, తెలుగు బడిలో చదివి, ఇవతలికి కాపురానికి వచ్చిన పిల్ల.

షెడ్డు దగ్గరికి వెళ్లేసరికి లోపలి నుంచి ఒక గొంతు వినిపించింది. సన్నగా, తొందర లేకుండా సాగుతున్న గొంతు. కంచె దగ్గరే ఆగిపోయాను.

"తెల్లారి సైరను కూసేతలికి ఆ పిల్ల లేసి కూసున్నింది. వాళ్లమ్మ అప్పుటికే బిందె ఎత్తుకోని కొళాయికాడికి పోయిండాది..."

ఎక్కడో విన్నాననిపించింది. మరుక్షణం తెలిసింది. "తెల్లవారి సైరన్ మోగేసరికి ఆ పిల్ల లేచి కూర్చుంది. తల్లి అప్పటికే బిందె తీసుకుని కొళాయి దగ్గరకు వెళ్లింది." నేను రాసింది అది. ఎన్నిసార్లు కొట్టేసి రాశానో ఆ వాక్యాన్ని. ఇక్కడ అది చెప్పులు విడిచి నడుస్తున్నట్టు ఉంది.

షెడ్డులో నలుగురైదుగురు ఆడవాళ్లు బాదామి మామిడి కాయలు ఏరి, పాత పేపర్లు పరిచి పెట్టెల్లో సర్దుతున్నారు. అందరిలోకీ పెద్దామె నన్ను చూసింది.

"యాడనుంచొచ్చినావమ్మా? పాల డైరీ నుంచా?"

"కేజీఎఫ్ నుంచి," అన్నాను.

"అంత దూరమా! రా, నీడకి రా. కూసో. కత జరగతా ఉండాది, ఇను. మా కోడలు బాగా చెప్తాది కతలు."

చేతిలో ఒక మామిడిపండు పెట్టింది. నేను బోర్లించిన పెట్టె మీద కూర్చున్నాను. కోడలు ఎత్తుగా పేర్చిన పెట్టెల వెనక ఉంది, ఒళ్లో పుస్తకం ఉన్న సంగతి ఇవతలివాళ్లకు సరిగా కనిపించదు. తల ఎత్తకుండానే సాగించింది. కొళాయి దగ్గర తగువు వచ్చేసరికి ఆడవాళ్లు నవ్వారు. తండ్రి షిఫ్టు నుంచి ఆలస్యంగా వచ్చే రోజు దగ్గర ఎవరి చేతులూ కదల్లేదు. నా పుస్తకం చదువుతున్న మనిషిని నేను అంతవరకు చూడలేదు. వింటున్నవాళ్లను చూస్తానని అసలు అనుకోలేదు. చేతిలో పండు అలాగే పట్టుకుని కూర్చున్నాను.

ఊపిరి తీసుకోవడానికి ఆగి ఆమె తల ఎత్తింది. నన్ను చూసింది. మళ్లీ చూసింది. పుస్తకం తిరగేసి వెనక అట్ట చూసుకుంది.

"అక్కా," అంది లేచి నిలబడి. "నువ్వేనా?"

ముఖం ఎర్రబడింది. సంతోషం కన్నా ముందు ఏదో దొంగతనం పట్టుబడినట్టు కంగారుపడింది. అప్పుడు గానీ నాకు సంగతి అర్థం కాలేదు. ఈ ఆడవాళ్లంతా ఇది కోడలి కథే అనుకుంటున్నారు. మదనపల్లి నుంచి మోసుకొచ్చిన కతలు అనుకున్నారు కాబోలు.

"అత్తా, ఈమేనత్తా రాసింది. ఇదంతా ఈమె రాసిందే."

అత్త నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"ఈమేనా? ఇన్ని దినాలూ నువ్వు చెప్పిందంతా ఈమెదా?"

"ఊ."

అత్త చేతిలోని కాయను ఒకసారి తిప్పి చూసింది. "రాసింటాదిలే," అంది చివరికి. "మాకు చెప్పింది మాత్రం మా కోడలే కదా." అని పెట్టెలో కాయలు సర్దడం మొదలుపెట్టింది. కోపం లేదు, ఎకసెక్కం లేదు. లెక్క తేల్చేసినట్టు అంది.

నేను నవ్వాను. నిజంగానే నవ్వు వచ్చింది. కోడలు పుస్తకం నా చేతికిచ్చి, "నువ్వు సదువక్కా, నువ్వుండగా నేనెట్ల సదివేది," అని బతిమాలింది. తీసుకుని చదివాను. ఉన్నది ఉన్నట్టు, ఒత్తులు పొల్లులతో సహా చక్కగా చదివాను. అందరూ మర్యాదగా విన్నారు. ఒకరు కొంగుతో ముఖం తుడుచుకున్నారు, ఒకరు ఆకాశం చూశారు. పేజీ చివరికి వచ్చేసరికి ఒకామె, నాకు వినబడకూడదనే అంది, "రేడియో వార్తల మాదిరి ఉండాది."

పుస్తకం కోడలికి తిరిగి ఇచ్చేశాను. ఆమె అందుకుని నేను ఆపిన చోటు నుంచి ఎత్తుకుంది. వెంటనే అందరూ పెట్టెల దగ్గరికి జరిగారు. ఆ క్షణం నాకు బాగా నొచ్చింది. నొప్పి పక్కనే ఇంకోటి కూడా ఉంది, దానికి అప్పుడు పేరు తెలియలేదు. ఆ భాష నాదే. అమ్మ నాతో మాట్లాడింది ఆ భాషే. నవల రాయడానికి కూర్చున్నప్పుడు, పుస్తకమంటే ఇలా ఉండకూడదని దాన్ని గడప బయట నిలబెట్టాను. ఆమె వెళ్లి చెయ్యిపట్టి లోపలికి తెచ్చింది.

అన్నం తిన్నాక ఇద్దరమే వసారాలో కూర్చున్నాం. పెళ్లయి వచ్చాక ఆమె చేతికి తెలుగు పుస్తకం రావడం అదే మొదలట.

"ఈ ఊర్లో అందురూ తెలుగే మాట్లాడతారక్కా. నేను సదివేది చూస్తే మాత్రం మంత్రాలు సదివినట్టు చూస్తారు. ఏమి సదువుకున్నా, ఈ పెట్టెల్లో ఏసే పేపర్లే. మదనపల్లి నుంచి పాత పేపర్లు కట్టలు కట్టలు వస్తాయి కదా, వాటిల్లో వారపత్రికలు తగులుతాయి. సీరియలు ఉంటాది. ముందు ఏమి జరిగిందో తెల్దు, ఎనక ఏమి జరగతాదో తెల్దు. చించి కాయల కింద ఏసేస్తాము. నాకు భలే బేజారుగా ఉంటాది. అది చూసి మా ఆయన, ఆయనకి సదివేది రాకపోయినా, బస్టాండులో నీ పుస్తకం చూసి తెచ్చినాడు. మొదులూ చివరా ఉండే పుస్తకం ఒకటి చేతికొచ్చిందని ఎంత సంతోషపడినానో."

ఆగి, కాస్త సంకోచంగా అడిగింది.

"అయితే అక్కా, చివర సరిగ్గా లేదు కదా. ఆ పిల్ల రైలెక్కి యాడికి పోయింది?"

"బెంగళూరుకి."

"అది తెలుసులే. పోయి యాడుండాది? ఎవురింట్లో? పని దొరికిందా లేదా?"

"అది నాకూ తెల్దమ్మా. నేను అంతవరకే చూసినాను," అన్నాను.

"రాసినదానివి, నీకే తెలీకపోతే ఇంగెవురికి తెలుస్తాదక్కా?"

ఆమె భర్త మోటారుసైకిలు మీద బస్సు దాకా దిగబెట్టాడు. మాట తక్కువ మనిషి. ఒక సంచి నిండా పండ్లు పెట్టి, "వచ్చినందుకు శానా సంతోషమమ్మా," అన్నాడు. నా సంచిలో పుస్తకాలు తెచ్చినవి తెచ్చినట్టే ఉన్నాయి. ఆ ఊళ్లో చదవగలిగిన ఒక్క మనిషి దగ్గర పుస్తకం ఉంది. ఇంకెవరికి ఇవ్వాలి?

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఒళ్లంతా పండ్ల వాసన. ఆ రోజు అందినంత గౌరవం నాకు శాలువా కప్పినప్పుడు దొరకలేదు. అయినా శ్రీనివాసపురం దాటుతుంటే కన్నీళ్లు ఆగలేదు. అంతకు ముందు, నా పుస్తకం ఎవరికీ పట్టలేదన్న ఒంటరితనం ఉండేది. ఇప్పుడు పుస్తకానికి ఇల్లు దొరికింది, ఆ షెడ్డులో నలుగురి మధ్య కూర్చుంది. బస్సులో ఉన్నది నేను ఒక్కదాన్నే.

ఇంటికి వెళ్లాక ఆమె అడిగిన ప్రశ్న వదల్లేదు. ఆ పిల్ల యాడుండాది? బెంగళూరులో మా కేజీఎఫ్ పిల్లలు ఎక్కడ ఉంటారో చూడటానికి ఒక వారం పోయాను. బట్టలు కుట్టే ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడి, షిఫ్టు వదిలాక వచ్చే పిల్లలతో మాట్లాడాను. వచ్చి ఒక భాగం రాశాను, ఈసారి మా అమ్మ మాట్లాడినట్టే. టైపు కొట్టలేదు, చేత్తోనే రాసి, కోలారు దుకాణంలో ఇచ్చాను. టమోటా లోడుతో వచ్చిన ఆమె భర్త తీసుకుపోయాడు. రెండు వారాల తర్వాత దుకాణదారు నాకు కబురు అప్పగించాడు.

"ఆ కోడలు అడగమనిండాదంట అమ్మా. ఆ పిల్లని అంత ఇరుకు రూములో యాల పెట్టినావు, కిటికీ అన్నా పెట్టగూడదా అని. వాళ్లత్త కూడా అదే అనిండాదంట."

తర్వాతి భాగంలో కిటికీ పెట్టాను.

అలా కొన్నేళ్లు నడిచింది. కాగితాలు వెళ్లేవి, మాటలు తిరిగొచ్చేవి. ఆ రెండో కథ పూర్తయ్యాక విజయవాడ ప్రచురణకర్తకు ఫోన్ చేశాను. "మొదటిదే కదల్లేదు కదండీ," అన్నాడు మెల్లగా. బాధపడుతూనే అన్నాడు. నేను మళ్లీ అడగలేదు. ఆ కథ రాయల్పాడులో ఒక ట్రంకుపెట్టెలో ఉంది. రాసినదానికి ఒకే ఒక పాఠకురాలు, ఆమె వెనక ఒక షెడ్డు. కోలారులో రోడ్డు వెడల్పు చేసినప్పుడు దుకాణం తీసేశారు. ఆ ముసలాయన కొడుకు దగ్గరికి మైసూరు వెళ్లాడని ఎవరో చెప్పారు. అప్పటికి కోడలి చేతిలోకి ఫోన్ వచ్చింది.

మొదటి పుస్తకం కట్టలు ఇంకా ఇంట్లోనే ఉండేవి. ఆదివారం తిరుగుడు నేను మానలేదు. ఒక రోజు ఫోన్లో, ఇంకా తిరుగుతున్నానని చెబితే కోడలు అంది.

"అమ్మేది ఇడిసిపెట్టక్కా. పోయి చెప్పు. పుస్తకంలో ఉండేది ఉండేటట్టు సదవొద్దు. మీ ఇంట్లో ఎట్ల మాట్లాడుకుంటా ఉంటిరో అట్ల చెప్పు."

చెప్పడానికి నాకు ధైర్యం చాలడానికి ఇంకో ఏడాది పట్టింది. సుగటూరులో పాల డైరీ సెక్రటరీ పరిచయస్తుడు. పొద్దున్నే పాలు పోసి, కొలత అయ్యేదాకా ఆడవాళ్లు అక్కడ కూర్చుంటారు, వచ్చి చెప్పుకోమన్నాడు. ముందు రోజే కోలారు చేరి, తెల్లవారుతూనే వెళ్లాను. క్యాన్ల చప్పుడు, పచ్చిపాల వాసన. సెక్రటరీ నన్ను చూపించి, "ఈయమ్మ కేజీఎఫ్ కత ఒకటి చెప్తాదంట, ఇనండి," అని తన పనిలోకి పోయాడు.

పుస్తకం తెరిచాను. అచ్చులో ఉన్నది చూస్తూ, అమ్మ మాటల్లోకి తిప్పుతూ మొదలుపెట్టాను. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. అమ్మ పోయాక మా ఇంట్లో ఆ యాసలో ఎవరూ నాతో ఇంతసేపు మాట్లాడలేదు. ఇప్పుడు నా నోట్లోంచి వస్తుంటే, పక్కగదిలోంచి అమ్మ పిలుస్తున్నట్టే ఉంది. చదివే వరుస మీద వేలు పెట్టుకుని సాగించాను. కొందరు విన్నారు. కొందరు తమ మాటల్లో తాము ఉన్నారు. తండ్రి షిఫ్టు నుంచి ఇంకా ఇంటికి రాని చోటికి వచ్చేసరికి పాల లారీ హారన్ కొట్టింది. అందరూ క్యాన్లు ఎత్తుకుని లేచారు. ఎవరూ నన్ను చూడలేదు, పనులున్నవాళ్లు.

పుస్తకం మూసి సంచిలో పెట్టబోతున్నాను. గోడ దగ్గర ఒకామె కదలకుండా కూర్చునే ఉంది. నా ఈడుదే. ఖాళీ చెంబు ఒళ్లో పెట్టుకుని ఉంది.

"పోతా ఉండావా?" అంది.

"అందురూ పోయినారు కదమ్మా," అన్నాను.

"నేనుండాను కదా. మా ఇంట్లో కూడా ఎవురూ లేరు, బిన్నె పోవల్లని తొందరేమీ లేదు." కొంచెం జరిగి, గోడ వైపు నాకు చోటు చూపించింది. "ఆయప్ప ఇంటికొచ్చినాడా లేదా, అది చెప్పి పో."

నేను ఆమె పక్కన కూర్చుని పుస్తకం మళ్లీ తెరిచాను.